చదవని కాగితం మీద సంతకం

కాన్వెంటు అనగానే మన తెలుగువాళ్ళకి టై, బూట్లు, ఇంగ్లీషు రైమ్స్ గుర్తొస్తాయి. మా చిన్నప్పుడు ఏ రేకుల షెడ్డులో బడి పెట్టినా బోర్డు మీద కాన్వెంటు అనే రాసేవాళ్ళు. సన్యాసినులు కలిసి బతికే ఇంటికి అసలు ఆ పేరని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అలాంటి ఒక ఇంటి గురించి రాసేముందు మా పెద్దమ్మ గురించి ఒక మాట చెప్పాలి. పుట్టింటి పొలంలో తన వాటా వదులుకుంటున్నట్టు రిజిస్ట్రారాఫీసు వరండాలో నిలబడి ఆమె సంతకం పెట్టింది. ఆమెకు చదువు రాక కాదు. వారపత్రికల్లో సీరియళ్ళు ఒక్కటీ వదిలేది కాదు. "మరి ఆ కాగితం ఎందుకు చదవలేదు పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను. "చదువుతానంటే తమ్ముణ్ణి అనుమానించినట్టు ఉంటుంది కదే" అంది.

ఈమధ్య ఫ్రాన్సులోని పోర్ రోయాల్ అనే మఠం చరిత్ర చదువుతుంటే ఆ జవాబు మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. ఐదు వందల ఏళ్ళు నిలిచిన ఆ మఠాన్ని ఒక రాజు పునాదుల దాకా కూలగొట్టించాడు. లోపలి ఆడవాళ్ళ దగ్గర ఆయుధాలు లేవు, ధనాగారం లేదు. తాము చదవని పుస్తకం గురించి రాసిన కాగితం మీద మనస్ఫూర్తిగా సంతకం పెట్టమంటే, పెట్టమన్నారు. అదీ వాళ్ళ నేరం.

పారిస్‌కి నైరుతి దిక్కున షెవ్రూజ్ లోయ ఉంది. అక్కడ 1204లో మతిల్డ్ ద గార్లాండ్ అనే ఒక ప్రభు కుటుంబపు స్త్రీ ఈ మఠాన్ని నెలకొల్పింది. నాలుగో క్రూసేడు యుద్ధానికి వెళుతూ ఆమె భర్త పుణ్యకార్యాలకని కొంత సొమ్ము వదిలివెళ్ళాడు. ఆయన తిరిగి రాలేదు. ఆ సొమ్ముతో పారిస్ బిషప్ సహకారంతో ఆమె ఈ స్థలం కొన్నది. మొదటి పాతికేళ్ళలోనే మఠం సిస్టర్షియన్ సంఘంలో చేరింది. 1230లో చర్చికి ప్రతిష్ఠ జరిగింది.

సిస్టర్షియన్లంటే 1098లో బర్గండీ ప్రాంతంలోని సీతో అనే చోట మొదలైన సన్యాస సంఘంవాళ్ళు. అప్పటి మఠాల్లో పెరిగిపోయిన ఆడంబరం నచ్చక బయటికొచ్చి, బీదరికం, మౌనం, ఒంటి కష్టం నియమాలుగా పెట్టుకున్నారు. కట్టడాల్లోనూ అదే నియమం. ఊళ్ళకు దూరంగా, నీళ్ళు పారే లోయల్లో కట్టుకునేవాళ్ళు. గోడల మీద శిల్పాలు ఉండవు, కిటికీలకు రంగుటద్దాలు ఉండవు, ఎత్తయిన రాతి గోపురాలు లేవవు. నడుమ చతురస్రాకారపు ముంగిలి, దాని చుట్టూ స్తంభాల వసారా, ఒక పక్క చర్చి, మిగతా పక్కల్లో సభాగది, భోజనశాల, పడకల హాలు. తెల్లటి రాయి, దాని మీద పడే వెలుగు, అంతే అలంకారం.

ఆడవాళ్ళ మఠమయితే ఈ ప్లానులో ఇంకొకటి కలుస్తుంది. అది కటకటా. చర్చిలో సన్యాసినులు కూర్చునే భాగానికీ, పూజ చేసే గురువు నిలబడే చోటుకీ నడుమ ఇనప కటకటా. చుట్టాలు వచ్చి మాట్లాడే గదిలో ఇంకో కటకటా. సామాన్లు ఇచ్చిపుచ్చుకోవడానికి గోడలో గుండ్రంగా తిరిగే చెక్క అర, ఇచ్చేవాళ్ళ ముఖం పుచ్చుకునేవాళ్ళకు కనపడకుండా. 1563లో ట్రెంట్ మహాసభ ఆడ సన్యాసినులంతా ఈ ఆవరణ దాటి బయటికి రాకూడదని గట్టిగా తీర్మానించింది. మగ సన్యాసులకు ఇంత కట్టడి లేదు. ఆ తీర్మానం చేసిన సభలో ఆడవాళ్ళెవరూ లేరని వేరే చెప్పనక్కర్లేదు.

కాగితం మీద ఉన్నదొకటి, జరిగేదొకటి. 16వ శతాబ్దం చివరికి ఈ నియమాలు చాలాచోట్ల పేరుకే మిగిలాయి. పెద్ద ఇళ్ళవాళ్ళకు మఠాలు ఆస్తుల్లాంటివి అయ్యాయి. కట్నాలిచ్చి పెళ్ళి చెయ్యలేని కూతుళ్ళను అక్కడ వదిలేవాళ్ళు. పలుకుబడి ఉంటే ఆ కూతుర్నే మఠాధిపతిని చేసేవాళ్ళు. పారిస్‌లో పేరున్న లాయరు ఆంత్వాన్ ఆర్నో కుటుంబం అదే చేసింది. ఆయన కూతురు జాక్లీన్ 1591లో పుట్టింది. ఏడేళ్ళ వయసులోనే ఆమెను పోర్ రోయాల్ మఠాధిపతికి వారసురాలిగా నియమించారు. 1602లో ఆమె మఠాధిపతి అయ్యేనాటికి పదకొండేళ్ళు కూడా నిండలేదు. రోముకు పంపిన కాగితాల్లో మాత్రం పదిహేడేళ్ళని రాశారు. ఆ పిల్లే చరిత్రకు తెలిసిన మదర్ ఆంజెలీక్.

పెద్దయ్యాక ఆమె రాసుకున్న తన కథలో ఒక సంగతి ఉంది. పదహారు, పదిహేడేళ్ళప్పుడు ఆమెకు ఆ జీవితం మీద పూర్తిగా విరక్తి కలిగింది, పారిపోదామని కూడా అనుకుంది. చిన్నప్పుడు చేయించిన ప్రతిజ్ఞలు చెల్లవని కూతురు అంటుందేమోనని తండ్రికి భయం పట్టుకుంది. ఒకరోజు గజిబిజిగా రాసిన కాగితం ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టి, సంతకం చెయ్యి అన్నాడు. అదేమిటో చెప్పలేదు. చదువుదామంటే అక్షరాలు తెలియడం లేదు. అడిగే ధైర్యం లేక, లోపల ఉడికిపోతూనే సంతకం పెట్టేసింది. అది ఆమె తన సన్యాసాన్ని తన ఇష్టంతో ఖాయం చేసుకుంటున్నట్టు రాసిన కాగితం.

ఇది చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను. నాలుగు వందల ఏళ్ళ దూరం, వేరే దేశం, వేరే మతం. కానీ రిజిస్ట్రారాఫీసు వరండా అదే.

తర్వాత ఆంజెలీక్ మారింది. 1608లో ఒక సన్యాసి ప్రసంగం విని ఆమె మనసు కదిలిందట. తన మీద రుద్దిన జీవితాన్ని నిజంగా జీవించాలని నిర్ణయించుకుంది. సొంత ఆస్తులు వద్దంది, అందరికీ ఒకటే తిండి, ఒకటే బట్ట అంది. ఆవరణ నియమం తిరిగి అమలు చేసింది. 1609 సెప్టెంబరు 25న తండ్రీ, తల్లీ, అన్నా, అక్కా బండిలో వచ్చి ఎప్పటిలాగే తలుపు తట్టారు. ఆమె తలుపు తియ్యలేదు. తలుపులోని చిన్న కిటికీ మాత్రం తెరిచి, లోపలికి రావడానికి వీల్లేదు, పక్కనున్న మాటల గదిలో కటకటా వెనక నుంచి మాట్లాడతానంది. తండ్రి అరిచాడు, బతిమాలాడు, ఇక నీ ముఖం చూడనన్నాడు. ఆమె స్పృహ తప్పి పడిపోయింది గానీ తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఫ్రెంచి చరిత్రలో ఆ రోజుకు 'చిన్న కిటికీ రోజు' అని పేరు.

స్త్రీవాదులుగా మనం దీన్ని ఎలా చదవాలి? గోడల మధ్య ఆడవాళ్ళను బంధించే నియమాన్ని ఒక ఆడది పట్టుబట్టి అమలు చేస్తే అందులో విముక్తి ఏముంది అని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నాకనిపించేది, అక్కడ గోడ మారలేదు, గడియ ఎవరి చేతిలో ఉందన్నది మారింది. అడక్కుండా లోపల పెట్టినవాడు అడక్కుండా లోపలికి రావడం ఆ రోజుతో ఆగిపోయింది. అయితే ఆమెతో ఉన్న మిగతా ఆడవాళ్ళందరికీ ఆ కఠిన నియమం ఇష్టమేనా అన్న ప్రశ్న కూడా పక్కన పెట్టకూడదు.

చిత్తడి నేల, చలిజ్వరాలు, ఇరుకు. 1625లో మఠం పారిస్‌కు మారింది. సెంట్ జాక్ వీధి చివర ఇల్లు కొనడానికి ఆంజెలీక్ తల్లి సాయం చేసింది. తర్వాత ఆ తల్లి కూడా కూతురి మఠంలోనే సన్యాసిని అయింది. ఆరుగురు కూతుళ్ళు, తల్లి, అంతా అక్కడే. 1627లో మఠం సిస్టర్షియన్ సంఘాధిపతుల పాలన నుంచి విడివడి పారిస్ ఆర్చిబిషప్ కిందకు వచ్చింది. ఆ తర్వాత ఆంజెలీక్ సాధించిన సంస్కరణ నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదనిపిస్తుంది. మఠాధిపతిని రాజు నియమించడం పోయి, సన్యాసినులే మూడేళ్ళకొకసారి ఎన్నుకునే పద్ధతి వచ్చింది. 1630లో ఆమె తన పదవికి రాజీనామా చేసింది. పదకొండేళ్ళకు అబద్ధపు కాగితంతో వచ్చిన కుర్చీని తనే దిగి వెళ్ళింది. కట్నం తేలేని పిల్లల్ని కూడా చేర్చుకోవడం ఆ మఠం పద్ధతి.

పారిస్ ఇంట్లో 1646, 1648 మధ్య ఆంత్వాన్ ల పోత్ర్ అనే వాస్తుశిల్పి కొత్త చర్చి కట్టాడు. అది ఇప్పటికీ ఉంది. 1648లో కొందరు సన్యాసినులు తిరిగి లోయలోని పాత ఇంటికి వెళ్ళారు. అప్పటికే ఆ చుట్టుపక్కల కొందరు మగవాళ్ళు ఏకాంతవాసులుగా ఉంటున్నారు. మడుగుల్లో నీరు తోడించారు, తోటలు వేశారు. చెమ్మ తట్టుకోలేక చర్చి నేలను ఎత్తు చేశారు. సన్యాసినులు తిరిగొచ్చాక ఈ మగవాళ్ళు గుట్ట మీద గ్రాంజ్ అనే పొలం ఇళ్ళకు మారారు. అక్కడ పిల్లలకు చదువు చెప్పారు, పుస్తకాలు రాశారు. రేపటి సాహిత్య చరిత్రలో పోర్ రోయాల్ అంటే వీళ్ళ పేర్లే. తత్త్వవేత్త పాస్కల్, వీళ్ళ దగ్గర చదువుకున్న నాటకకర్త రసీన్. ఆడవాళ్ళ ఇల్లు, ఆ ఇంటి గుట్ట మీద బస చేసిన మగవాళ్ళ పేరుతో ప్రసిద్ధమైంది.

ఇక సంతకం సంగతి. 1640లో జాన్సేనియస్ అనే బిషప్ రాసిన ఒక లావాటి లాటిన్ పుస్తకం వచ్చింది. దైవకృప గురించి సెంట్ అగస్టీన్ చెప్పినదానికి వ్యాఖ్య అది. అందులో ఐదు తప్పుడు ప్రతిపాదనలున్నాయని వ్యతిరేకులన్నారు. 1653లో పోప్ ఆ ఐదింటినీ ఖండించాడు. పోర్ రోయాల్ మిత్రులు, ఆ ప్రతిపాదనలు తప్పే కావచ్చు, కానీ ఆ పుస్తకంలో అవి అలా లేవన్నారు. రాజు పద్నాలుగో లూయీకి తన రాజ్యంలో ఇలాంటి గుంపులంటే గిట్టదు. 1661లో ఒక ప్రతిజ్ఞాపత్రాన్ని తప్పనిసరి చేశారు. ఐదు ప్రతిపాదనలు తప్పు, అవి ఆ పుస్తకంలో ఉన్నాయి అని గురువులూ, సన్యాసినులూ అందరూ సంతకం చెయ్యాలి.

సన్యాసినులకు లాటిన్ వేదాంత చర్చలు చదివే హక్కే లేదు. ఆడవాళ్ళకు ఆ విషయాలెందుకని దూరంగా ఉంచింది ఆ చర్చే. ఇప్పుడు ఆ పుస్తకంలో ఏముందో దేవుని ఎదుట సాక్ష్యమివ్వమంటోంది కూడా ఆ చర్చే. సన్యాసినులు ఆ వైరుధ్యాన్నే గట్టిగా పట్టుకున్నారు. అజ్ఞానులైన ఆడవాళ్ళం, ఆ పుస్తకం చదవలేదు, చదవనిదాని గురించి ఉందని ఎలా చెప్పగలం, చెప్తే అబద్ధమాడినట్టు కాదా అన్నారు. పోప్ ఖండించినదాన్ని మేమూ ఖండిస్తాం, పుస్తకం సంగతి మాత్రం మాకు తెలియదు అన్నారు. మీకు తెలియదు అని ఇన్నాళ్ళూ వాళ్ళ నోరు మూయించిన మాటే వాళ్ళ చేతిలో డాలు అయింది.

మిత్రులైన మగ పండితులు రాజీ దారి వెతికారు. 1661 జూన్‌లో వచ్చిన ఒక మెత్తటి పాఠానికి సంతకం పెట్టవచ్చని సలహా ఇచ్చారు. దాన్ని గట్టిగా వ్యతిరేకించినది జాక్లీన్ పాస్కల్, తత్త్వవేత్త పాస్కల్ చెల్లెలు. చిన్నప్పుడే కవిత్వం రాసి పేరు తెచ్చుకున్న పిల్ల. అన్నకు ఇష్టం లేకపోయినా 1652లో ఈ మఠంలో చేరింది, బడిపిల్లల పెంపకం గురించి ఒక నియమావళి రాసింది. రెండర్థాల మాటల చాటున సంతకం పెట్టడమంటే సత్యాన్ని దాచడమేనని ఆమె ఉత్తరం రాసింది. బిషప్పులకు ఆడపిల్లల ధైర్యమే ఉన్నప్పుడు ఆడపిల్లలు బిషప్పుల ధైర్యం తెచ్చుకోవాలని అందులో ఆమె మాట. చివరికి అందరితోపాటు ఆమె కూడా సంతకం చేసింది. 1661 అక్టోబరు 4న, తన ముప్ఫయ్యారో పుట్టినరోజునాడే చనిపోయింది. రెండు నెలల ముందే మదర్ ఆంజెలీక్ వెళ్ళిపోయింది.

ఆ మెత్తటి పాఠం పైవాళ్ళకు చాలలేదు. 1664 ఆగస్టులో పారిస్ ఆర్చిబిషప్ పెరెఫిక్స్ స్వయంగా మఠానికి వచ్చాడు. కోప్పడ్డాడు, ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగాడు. పవిత్రతలో దేవదూతలు, గర్వంలో దయ్యాలు అని వాళ్ళ గురించి ఆయన అన్నట్టు చెబుతారు. ఆగస్టు 26న పోలీసులతో వచ్చి పన్నెండు మందిని వేరు వేరు మఠాలకు తరలించాడు. అక్కడ వాళ్ళకు పుస్తకం లేదు, ఉత్తరం లేదు, తోడు లేదు, రోజూ సంతకం కోసం ఒత్తిడి. కొందరు పెట్టారు. పెట్టినవాళ్ళలో కొందరు ఆ బాధ భరించలేక వెనక్కి తీసుకున్నారు. వాళ్ళను బలహీనులనడానికి నాకు నోరు రాదు. 1665లో సంతకం పెట్టనివాళ్ళందరినీ లోయలోని పాత ఇంట్లో కాపలా మధ్య ఉంచారు. సత్ప్రసాదం ఇవ్వలేదు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకు చివరి సంస్కారాలు కూడా లేవు. విశ్వాసులకు అంతకన్నా పెద్ద శిక్ష లేదు. 1669లో ఒక రాజీ మాటతో ఆ నిర్బంధం ముగిసింది.

ఆ రోజుల గురించి సన్యాసినులు ఎవరికివారు రాసిపెట్టారు. ఆంజెలీక్ మేనకోడలు ఆంజెలీక్ ద సెంజాన్ పది నెలల ఒంటరి నిర్బంధం గురించి రాసింది. తన విశ్వాసమే కదిలిపోయిన రాత్రుల్ని కూడా దాచలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాట స్త్రీలు తమ నోటితో చెప్పుకున్న కథలు చదివినవాళ్ళకు ఈ రాతలు కొత్తగా తోచవు. వీరగాథ కాదు, జరిగింది జరిగినట్టు, భయంతో సహా.

1679లో మఠానికి అండగా ఉన్న రాజబంధువు లాంగ్‌విల్ డచెస్ చనిపోయింది. వెంటనే కొత్తవాళ్ళను చేర్చుకోకూడదని ఆజ్ఞ వచ్చింది, బడిపిల్లల్ని పంపేశారు. అప్పటినుంచి మఠం చెయ్యగలిగింది ముసలితనం కోసం ఎదురుచూడడమే. అది కూడా రాజుకు చాలలేదు. 1709 అక్టోబరు 29న పోలీసు అధికారి దార్జాన్సోఁ బలగంతో వచ్చాడు. లోపలున్నది ఇరవై రెండు మంది. అందరిలో చిన్నావిడకు యాభై దాటాయి, పెద్దావిడకు ఎనభై దాటాయి. బండ్లెక్కించి తలో ఊరికీ పంపారు. తర్వాత ఒంటరితనంలో చాలామంది సంతకం పెట్టారు. చివరి ప్రియరెస్ అనస్తాసీ ద్యుమెనిల్ మాత్రం పెట్టలేదు.

1710 జనవరిలో మఠాన్ని కూల్చమని ఆజ్ఞ అయింది. ఇళ్ళు, వసారాలు, ఆఖరికి చర్చి కూలాయి. శ్మశానాన్ని కూడా తవ్వారు. రసీన్ లాంటి పేరున్నవాళ్ళ అవశేషాలను పారిస్ చర్చిలకు మార్చారు. వందల ఏళ్ళుగా అక్కడ పడుకున్న ఎందరో ఆడవాళ్ళ ఎముకలను పక్క ఊరు సెంలాంబేర్ శ్మశానంలో ఒకే గోతిలో పోశారు.

ఇప్పుడు అక్కడికి వెళితే పచ్చిక మధ్య చర్చి స్తంభాల మొదళ్ళు కనిపిస్తాయి. గుండ్రటి పావురాల గోపురం ఒకటి మిగిలింది. పూజాపీఠం ఉన్న చోట 1891లో కట్టిన చిన్న మందిరం ఉంది. గుట్ట మీద మగవాళ్ళు ఉన్న గ్రాంజ్ ఇళ్ళు మాత్రం నిలిచే ఉన్నాయి. 1962లో వాటిలోనే జాతీయ మ్యూజియం పెట్టారు.

మరి కూలిన ఇల్లు ఎలా ఉండేదో మనకెలా తెలుసు? చాలావరకు ఒక ఆడమనిషి వల్ల. మఠం కూలే రోజుల్లో పారిస్ పుస్తక వ్యాపారి కూతురు మదలెన్ ఓర్తెమెల్స్, ఇరవైలలో ఉన్న అమ్మాయి, ఆ ఇంటిని రాగిరేకుల మీద చెక్కింది. ఆ బొమ్మల్లో గోడలతోపాటు పని కూడా ఉంది. సన్యాసినులు భోజనశాలలో వరసగా కూర్చున్నారు, బీదవాళ్ళకు పంచిపెడుతున్నారు, రోగుల పుళ్ళు కడుగుతున్నారు, చెట్ల కింద కూర్చుని చేతిపని చేసుకుంటూ మాట్లాడుకుంటున్నారు. రాజు కూల్చిన ప్లాను ఆ రేకుల మీద మిగిలింది.

పారిస్ ఇంటి కథ వేరు. విప్లవకాలంలో అది జైలయింది, పేరు మాత్రం 'స్వేచ్ఛా రేవు' అని మార్చారు. 1795లో ఆసుపత్రి చేశారు. 1814 నుంచి కాన్పులు అక్కడే. అక్కడి పెద్ద మంత్రసాని మరీ లూయీజ్ లషాపెల్ 1821లో చనిపోయేదాకా పిల్లలకు పురుడుపోసే విద్య నేర్పింది. దాదాపు 40,000 కాన్పుల అనుభవాన్ని పుస్తకంగా రాసింది. ఆ ప్రసూతి ఆసుపత్రికి ఇప్పటికీ పోర్ రోయాల్ అనే పేరు. సన్యాసినులు మౌనంగా నడిచిన వసారా అక్కడ ఇంకా ఉంది.

ఈ ఆడవాళ్ళ నమ్మకాలు నావి కావు. మనిషి చేతిలో ఏమీ లేదు, అంతా దైవకృపే అనే ఆ సిద్ధాంతం నాకు ఊపిరాడనివ్వదు. వాళ్ళ కఠిన నియమాలూ నాకు నచ్చవు. కానీ తండ్రి పెట్టిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టిన పిల్ల కట్టిన ఇంట్లో, యాభై ఏళ్ళ తర్వాత, నలభై, యాభై మంది ఆడవాళ్ళు రాజు ముందు, బిషప్ ముందు, మేం చదవలేదు కాబట్టి పెట్టం అనగలిగారు. ఆ యాభై ఏళ్ళలో ఆ గోడల లోపల ఏదో జరిగింది. చదువు చెప్పుకోవడం, తమ పెద్దను తామే ఎన్నుకోవడం, రోజూ పక్కన ఇంకొకత్తె ఉండడం. ఒంటరిగా పెట్టినప్పుడు సంతకాలు పడ్డాయి, కలిసి ఉన్నప్పుడు పడలేదు. పైవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు గనకే ప్రతిసారీ ముందు వాళ్ళను విడదీశారు.

ఆ రోజు రిజిస్ట్రారాఫీసు వరండాలో పెద్దమ్మ పక్కన ఆడవాళ్ళెవరూ లేరు. ఉంటే చదివేదేమో. పోయిన వేసవిలో ఆమె ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆ దస్తావేజు నకలు దొరికింది. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది. మడత పెట్టి పెట్టెలో వేస్తూ, "చాలానే రాశారే" అంది.